దులపకూడని తివాచీ

తెల్లబట్టలు నానేసిన బకెట్లో నీళ్ళు ఎర్రగా తిరిగాయి. శేషారత్నం గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ బకెట్లో రంగుబట్ట ఒక్కటి కూడా లేదు. అన్నీ భర్త బసవపున్నయ్యవే, తెల్ల ప్యాంట్లు, తెల్ల చొక్కాలు. సినిమా నిర్మాత అన్నాక తెల్లబట్టలే వెయ్యాలి, ఆ తెలుపు మల్లెపువ్వులా ఉండాలి. చాకలి ఉతికితే పసుపు తిరుగుతున్నాయని ఆయన అన్ననాటి నుంచీ ఆ మల్లెలు పూయించే పని రత్నానిదే. ఉతుకు, గంజి, నీలం, ఇస్త్రీ. ఒక ప్యాంటు పైకి తీసి కాళ్ళ మడతలు విప్పి చూసింది. మిరియాల పొడి చల్లినట్టు నల్లటి నలుసులు. ఒకదాన్ని వేలితో నలిపితే ఎర్రటి చార సాగింది. నెత్తురు. ఇంట్లో చేరిన పురుగులు తాగి, అరిగించుకుని, ఆయన బట్టల మీద వదిలిన నెత్తురు. ఆయనదో, పిల్లదో, తనదో. పక్క స్థలంలో ఇల్లు కట్టడానికి బండలు పేలుస్తున్నారు. ఆ చప్పుడుకి ఉలిక్కిపడి, ఎవరైనా చూస్తున్నారేమోనని తలుపు వైపు చూసి, నీళ్ళు గబగబా తూములో వంచేసింది. తప్పు చేసినదానిలా.

ఈ ఇంట్లో కుక్కపేలు పడి నెల దాటింది. తలలో పాకే పేలు కావివి, ఎగిరే పేలు. ఆవగింజంత ఉంటాయి, నొక్కబోతే వేలికింద ఉండవు. కాలు నేల మీద పెడితే చాలు, చీలమండల మీదికి దూకుతాయి. మొదట కుట్టింది రత్నాన్నే. అందరికంటే ముందు కాలు కింద పెట్టేదీ, అందరి తర్వాత మంచమెక్కేదీ ఆవిడే కదా మరి. "మా అత్తగారి హయాంలో చీమ కూడా అడిగి లోపలికొచ్చేది," అంది అత్తగారు బాలాత్రిపురసుందరమ్మ, పడక్కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని. "ఆడదాని చెయ్యి ఆడుతుంటే ఇంట్లో పురుగెలా చేరుతుందమ్మా?" ఆ మాట అంటున్నంత సేపూ ఆవిడ పిక్క గోక్కుంటూనే ఉంది. రత్నం చెయ్యి ఆడని ఘడియ ఏదీ? వేపాకు కాచిన నీళ్ళతో కుక్కకి స్నానం చేయించింది. పేలదువ్వెనతో వెంట్రుక వెంట్రుకా దువ్వి, దొరికినవాటిని కిరసనాయిల్లో వేసి చంపింది. దుప్పట్లు ఉడకబెట్టింది. ఇల్లు రోజుకి రెండుసార్లు కడిగింది. ట్యాంకరు నీళ్ళు వారం రావలసినవి నాలుగు రోజులకే అయిపోతున్నాయని దానికీ ఒక మాట పడింది. అయినా మర్నాటికల్లా అవి మళ్ళీ అలాగే.

పండు షూటింగులో మిగిలిపోయిన కుక్క. ఏదో సన్నివేశానికి తెచ్చారు, పని అయ్యాక అడిగిన నాథుడు లేడు. "రెండ్రోజులుంచు," అని ఇంటికి తెచ్చాడు బసవపున్నయ్య. ఆ రెండ్రోజులకి నాలుగేళ్ళు నిండాయి. అన్నం కలపడం, బయట తిప్పడం, అది కక్కితే ఎత్తడం రత్నం వంతు. నలుగురూ వచ్చినప్పుడు బిస్కెట్టు ముక్క చూపించి "షేక్‌హ్యాండ్" అనడం ఆయన వంతు. మొదట్లో రత్నానికి దాని మీద ప్రేమేం లేదు, ఇంకో పని పెరిగిందనుకుంది. తర్వాత ఒక సంగతి గమనించింది. తను గదిలోకి వస్తే లేచి నిలబడేది ఆ ఇంట్లో పండు ఒక్కటే. పదేళ్ళ మంజులతకైతే అది తోబుట్టువే. నాన్న ఔట్‌డోరు షూటింగులకని నెలల తరబడి పోతే పిల్ల కబుర్లన్నీ దానికే.

బుధవారం మధ్యాహ్నం భోజనం దగ్గర బసవపున్నయ్య తేల్చేశాడు. "ఆదివారం హీరోగారు కథ వినడానికి ఇంటికే వస్తున్నారు. ఆయనకి ఒక్కటి కుట్టిందంటే మేకప్ రూముల్లో నా సినిమా గురించి కాదు, నా ఇంటి పురుగుల గురించి చెప్పుకుంటారు. నర్సింహతో చెప్పాను. శనివారం పొద్దున దాన్ని కార్లో వేసుకెళ్ళి గండిపేట అవతల వదిలేసి వస్తాడు. నెయ్యి వెయ్యి." ఆ మాటకీ ఈ మాటకీ మధ్య గొంతు కాస్త కూడా మారలేదు. రత్నం నెయ్యిగిన్నె వంచింది. పప్పులో పడాల్సిన నెయ్యి కంచం అంచున పడింది. ఆయన ఆమె మొహంలోకి కాదు, ఆ నెయ్యి వంక చూశాడు.

గురువారం ఎవరికీ చెప్పకుండా పండుని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి డాక్టరు నాగేశ్వరి కుక్క చెవులు వెనక్కి మడిచి చూసి, "బాగానే కడుగుతున్నారు. దీని మీద ఉన్నవి కొన్నేనమ్మా. గుడ్లూ పిల్లలూ అన్నీ ఇది పడుకునే చోట ఉంటాయి. ఎక్కడ పడుకుంటుంది?" అని అడిగింది. రత్నానికి తెలుసు ఎక్కడో. ముందుగదిలో తివాచీ మీద. కథాచర్చలు జరిగేటప్పుడు ఆయన కాళ్ళ దగ్గర, సరిగ్గా మధ్యలో. "అయితే ఆ తివాచీ బాగా దులిపి, వేడినీళ్ళతో కడిగి, గట్టి ఎండలో వెయ్యండి. కుక్కకి మందిస్తాను. అది చెయ్యకుండా దీన్ని ఎన్నిసార్లు కడిగినా ఒకటే. అసలు దీన్ని తీసేసినా ఒకటే, అవి మీ కాళ్ళ మీద బతుకుతాయి," అంది డాక్టరు. "తివాచీ కదపకుండా ఏదైనా దారి ఉందాండీ?" అని అడిగింది రత్నం. "ఎందుకు కదపకూడదు?" అంది డాక్టరు వింతగా. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి సిగ్గేసి, మందుచీటీ తీసుకుని బయటపడింది.

ఏమని చెబుతుంది? ఆ ఎర్ర తివాచీ మద్రాసులో ఉన్నప్పుడు కొన్నది. దాని మీద కూర్చుని అల్లుకున్న మొదటి కథ వంద రోజులాడింది. పరిశ్రమతో పాటు ఇక్కడికి మకాం మార్చినప్పుడు సామానంతా లారీలో వస్తే తివాచీ మాత్రం కార్లో ఆయన పక్కన వచ్చింది. మూడేళ్ళ కిందట, కాఫీ మరకలు పడ్డాయని, రత్నం దాన్ని పెరట్లో వేసి దులిపి ఎండబెట్టింది. అదే వారం సినిమా విడుదలైంది. రెండో ఆటకే జనం లేరు. కథలో పస లేదని పేపర్లు రాశాయి, పాటలు బాగాలేవని పంపిణీదారులన్నారు, బసవపున్నయ్య మాత్రం భార్య వంక చూశాడు. "నా అదృష్టమంతా దులిపి రాళ్ళ మీద పోశావు కదే," అన్నాడు. ఆడలేక మద్దెల ఓడంటారే, ఇక్కడ మద్దెల రత్నమైంది. ఆ తర్వాత మూడు నెలలు ఆమెతో మాట్లాడలేదు. "అమ్మా, అన్నం పెట్టమను," "అమ్మా, చొక్కా ఇమ్మను," అంటూ ఆమె ఎదురుగానే తల్లితో చెప్పేవాడు. పెళ్ళిళ్ళలో నవ్వుతూ "మా ఆవిడ దులిపిందండీ" అనేవాడు, అందరూ నవ్వేవారు, ఆమె కూడా నవ్వేది. కొత్త సినిమా ముహూర్తానికి, "నువ్వు ఇంట్లో ఉండు, పిల్లకి బాగాలేదు కదా," అన్నారు. పిల్ల నిక్షేపంలా ఉంది.

ఆయన చెయ్యి చేసుకునే మనిషి కాదు. కొట్టే మొగుడైతే నలుగురికీ చూపించడానికి ఒక మచ్చయినా ఉంటుంది. ఈ భయానికి మచ్చ లేదు. కారు హారను మోగితే చెవులు రిక్కిస్తుంది, ఆయన చెప్పులు విడిచిన చప్పుడుని బట్టి ఆ రోజు ఎలా గడుస్తుందో లెక్క కట్టుకుంటుంది. అన్నిటికంటే పెద్ద భయం ఇంకొకటుంది, దాన్ని తనకి తాను కూడా పైకి చెప్పుకోదు. ఒకవేళ నిజమేనేమో? నిజంగానే తన చేతిలో ఏదో ఉందేమో? సినిమావాళ్ళింట్లో కాపురం చేసిన మనిషికి సెంటిమెంటు అంటకుండా ఉంటుందా? "ఈ సినిమా పోతే ఇల్లు కూడా ఉండదు," అని ఆయన ఫోన్లో ఎవరితోనో అనడం విన్నది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. తివాచీ ముట్టుకుంటే ఇల్లు పోతుందేమో, ముట్టుకోకపోతే పండు పోతుంది. పండు పోయినా పురుగులు పోవు, అప్పుడు ఎవరిని వదిలి రమ్మంటారు?

శుక్రవారం సాయంత్రం స్కూలు నుంచి వచ్చిన మంజులత మేజోళ్ళు విప్పలేదు. పాలు తాగింది, లెక్కలు చేసుకుంది, మేజోళ్ళతోనే తిరుగుతోంది. "విప్పవే, కాళ్ళు చెమటలు పడతాయి," అంటే వినిపించుకోలేదు. రత్నం పిల్లని ఒళ్ళోకి లాక్కుని తనే విప్పింది. మేజోడు చర్మానికి అతుక్కుని వచ్చింది. చీలమండ నుంచి మోకాలి దాకా కాట్లు, రెండు మూడు చోట్ల చీము పట్టి ఉన్నాయి. "ఇదేంటే?" అంది. పిల్ల ముందు తలుపు వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించింది. "దోమలమ్మా. నాన్నమ్మకి చెమటకాయలని చెప్పాను. నాన్నకి చెప్పకమ్మా, పండుని ఇప్పుడే పంపించేస్తారు. నేను గోక్కోవట్లేదు, చూడు." రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

రత్నం గుర్తుపట్టింది. ఆ తలుపు వైపు చూపు తనది. ఆ తగ్గించిన గొంతు తనది. మంట పుడుతున్నా గోక్కోకుండా చేతులు వెనక్కి పెట్టుకోవడం తన విద్యే. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, పిల్ల చూసి నేర్చుకుంది. కుక్క నుంచి తివాచీకి, తివాచీ నుంచి కాళ్ళకి పురుగు పాకినట్టు తన భయం పిల్లకి పాకింది. ఇంతకాలం పిల్ల కోసమే అన్నీ సర్దుకుంటున్నాననుకుంది. సర్ది సర్ది పిల్లకి ఇచ్చింది ఇదా? పుండ్లు కడిగి మందు రాస్తుంటే మంజులత ఒక్కసారి కూడా అమ్మా అనలేదు. అరిస్తే ఎవరైనా వింటారని. ఆ మౌనం చూసి రత్నానికి ఎప్పుడూ వెయ్యనంత భయం వేసింది.

శనివారం పొద్దున్నే ముందుగదిలో కథాచర్చ మొదలైంది. రచయిత పరబ్రహ్మం, దర్శకుడు, ఇద్దరు సహాయకులు తివాచీ మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు, మధ్యలో బసవపున్నయ్య. పెరటి గుమ్మం దగ్గర డ్రైవరు నర్సింహ పండు గొలుసు పట్టుకుని నిలబడ్డాడు. రహమత్ నగర్ మనిషి, ఈ ఇంట్లో చేరి అయిదేళ్ళు. "అమ్మా, సారు గిప్పుడే పొమ్మన్నడు. నోర్లేని జానవర్‌ని గాడ ఎట్ల ఇడిసి రావాలె? జర మీరన్న చెప్పరాదుండ్రి," అన్నాడు.

"కారు తియ్యకు నర్సింహా. దాన్ని చెట్టుకి కట్టెయ్యి," అంది రత్నం.

"సారు అడిగితే ఏం జెప్పాలె?"

"నేను చెప్పానను."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని ఆమెకే అనుమానమేసింది. పెరట్లో కట్టెలపొయ్యి మీద గంగాళం నిండా నీళ్ళు కాగుతున్నాయి. ఇంటి వెనక పేల్చకుండా వదిలేసిన పెద్ద బండ ఒకటుంది, ఎండలకి అప్పుడే కాలు పెట్టనివ్వనంతగా కాలుతోంది. తివాచీ పరవడానికి అంతకంటే మంచి చోటు లేదు. చూడవలసినవన్నీ చూసుకుంది. ఇక వెళ్ళడమే మిగిలింది. ముందుగది గుమ్మం దాకా పదడుగులు కూడా ఉండవు, గుండె చప్పుడు చెవుల్లో వినబడుతుండగా నడిచింది.

"ఇక్కడ భార్య ఏమీ అనదండీ," అని చెబుతున్నాడు పరబ్రహ్మం. "కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, అంతే. మౌనంగా భర్త పాదాలకి దణ్ణం పెడుతుంది. థియేటర్లో ఆడవాళ్ళందరూ కొంగులు తడుపుకోవాల్సిందే." చెబుతూ చీలమండ గోక్కున్నాడు. దర్శకుడు మెడ మీద చరుచుకుని, "ఈ ఏరియాలో దోమలెక్కువండీ," అన్నాడు. "అవునవును, దోమలే," అన్నారు సహాయకులు, పిక్కలు రుద్దుకుంటూ. పట్టపగలు పదిగంటలకి దోమలు! రత్నం గుమ్మంలోనే ఆగిపోయింది. వీళ్ళందరికీ తెలుసు. కుడుతున్నవి ఏమిటో, ఎక్కడినుంచి వస్తున్నాయో అందరికీ తెలుసు. నిర్మాతగారి అదృష్టం మీద కూర్చుని, అది కరుస్తోందని చెప్పే ధైర్యం ఒక్కరికీ లేదు.

"కాఫీ వద్దమ్మా, ఇప్పుడే తాగాం," అన్నాడు పరబ్రహ్మం ఆమె చేతుల్లో పళ్ళెం ఉందో లేదో చూడకుండానే.

"కాఫీ కాదండీ. కొంచెం లేవండి. తివాచీ తియ్యాలి."

ముందు సహాయకులు లేచారు, దర్శకుడు లేచాడు, కాగితాలు ఏరుకుని పరబ్రహ్మం కూడా లేచాడు. గోడవారకి జరిగి నిలబడి, హాయిగా, సిగ్గు లేకుండా గోక్కోవడం మొదలుపెట్టారు. బసవపున్నయ్య ఒక్కడే తివాచీ మధ్యలో మిగిలాడు. తెల్ల ప్యాంటు మీద నల్లటి చుక్కలు కదులుతున్నాయి.

"రత్నం. దాని మీద చెయ్యి వెయ్యకు," అన్నాడు.

ఆ గొంతు విని ఆమె తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. చాలా ఏళ్ళయింది అలా తిన్నగా చూసి. కోపం ఉంటుందనుకుంది. కోపం కాదు, పెదాలు తెల్లబడి ఉన్నాయి, రెండు చేతులూ తివాచీ పీచుని గుప్పిళ్ళతో పట్టుకుని ఉన్నాయి. భయం. తన భయం లాంటిదే, కాకపోతే ఆయన దాన్ని ఎప్పుడూ మొయ్యలేదు, తెచ్చి తెచ్చి ఆమె నెత్తిన పెట్టాడు.

"ఈ సినిమా పోతే?" అన్నాడు, ఆమెకి మాత్రమే వినబడేలా.

"నావల్లే పోయిందనండి. దులపకపోయినా ఆ మాట అనకుండా ఉంటారా?"

ఆమె వంగి తివాచీ అంచు రెండు చేతులా పట్టుకుంది. లోపలి గది తలుపు సందులోంచి మంజులత చూస్తోంది, చేతులు వీపు వెనక పెట్టుకుని. పిల్లకి కూడా వినబడాలని రత్నం గొంతు పెంచింది.

"మీరూ లేవండి."