తిరగని మైళ్ళు

పెనుకొండలో రామప్ప సావుకారి శెనక్కాయల మిల్లు మూతబడి ఇరవై ఏండ్లు దాటింది. మిల్లు వెనక రేకుల షెడ్డులో ఆయన కొన్న అమెరికా కారు మాత్రం అట్లే ఉండాది. ఆ పొద్దు పదకొండు గంటలప్పుడు బెంగుళూరు నుంచి ఇద్దరు దిగి, షెడ్డు వాకిట్లో చెప్పులిడిచి ఆ కారు దగ్గరికి పోయినారు. చెప్పులిడిచి! దేవళంలోకి పోయినట్ల! వాకిలి పక్కన స్టూలేసుకుని కూర్చున్న డ్రైవరు అంజనప్ప అది చూసి, పక్కకు తిరిగి ఉమ్మేసినాడు.

డెబ్భై ఐదేండ్ల మనిషి అంజనప్ప. ఈ ఊర్లో ఆ కారుకు మొదటి డ్రైవరూ ఆఖరి డ్రైవరూ ఆయనే. యాభై ఏండ్ల కింద మద్రాసులో ఎవురో అమెరికా దొర వాడుకుని వదిలేసి పోతాంటే రామప్ప కొని తెచ్చినాడు. ముందర జాలీలో పరిగెత్తే గుర్రం బొమ్మ ఉండేదాన్ని బట్టి ఊర్లో అందరూ గుర్రం కారనేవాళ్ళు. మస్టాంగ్ అనే పేరు ఎవురికీ నోరు తిరగలా. స్టీరింగు ఎడమ పక్క, ఎనిమిది సిలిండర్ల ఇంజను, లీటరు పెట్రోలుకు ఐదు కిలోమీటర్లు. దాని ఆకలి చూసి రామప్పకే గుండె దడ పుట్టింది. తెచ్చిన ఆర్నెల్లకే గుడ్డ కప్పి పెట్టేసినాడు. పెండ్లికో, ధర్మవరం పట్టుచీరల యాపారస్తుల ముందర డాబు చూపించేదానికో ఏడాదికి నాలుగుసార్లు తీసేది, మళ్ళీ కప్పేది. పేరుకు డ్రైవరుగానీ అంజనప్ప ఆ బండిని తోలింది తక్కువ, తుడిచింది ఎక్కువ.

అట్లాంటిదానికి ఈ పొద్దు కోటి రూపాయలంట! చచ్చిన బర్రె పలిగిన కుండెడు పాలిచ్చేదంట, అట్లుండాది వీళ్ళ యవ్వారం.

వచ్చినోళ్ళలో ఒకడు క్రాంతి కుమార్, పాత కార్లను వేలమేసే కంపెనీవాడు. ఇంకొకడు మురళి, కొనేవాడు. వేలం కన్నా ముందే కంటితో చూసుకుని పోదామని వచ్చినాడు. ఆయప్ప దగ్గర ఇప్పటికే పద్నాలుగు పాత కార్లుండాయంట. ఏసీ గదిలో పెట్టి తాళమేస్తాడంట. ఒక్కదాన్ని గూడా రోడ్డెక్కించడంట. ఆయప్ప ఈడికి వచ్చింది మాత్రం చప్పుడే చెయ్యని కరెంటు కారులో. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడంట వెనకటికొకడు.

మురళి కారు చుట్టూ మోకాళ్ళ మీద పాకినాడు. రంగు పెచ్చులు లేచినచోట వేలితో తాకి "ఒరిజినల్" అన్నాడు. టైరు పగుళ్ళు చూసి "ఒరిజినల్" అన్నాడు. వెనక సీటు కింద ఎలుకలు గూడు కట్టింటే, "చూడండి సార్, ఎవరూ ముట్టుకోలేదు" అని క్రాంతి కుమార్ మురిసిపోయినాడు. దుమ్ము గూడా తుడవొద్దని వాడు నెల ముందే ఫోన్లో చెప్పి పెట్టినాడు. దుమ్ముంటేనే రేటంట. అంజనప్పకు నవ్వొచ్చింది. ఇదే దుమ్మును ఏండ్ల తరబడి తుడిచినందుకు తనకు నెలకు తొంభై రూపాయలిచ్చినారు. తుడవకుండా కాళ్ళు బారజాపుకుని పండుకోనింటే ఈ పొద్దుకు ఎంత గొప్పోణ్ణయ్యుందునో అనుకున్నాడు.

క్రాంతి కుమార్ ఫోన్ లైటేసి, తల లోపలికి దూర్చి మీటరు చదివినాడు.

"తొమ్మిది వేల నాలుగు వందల పన్నెండు మైళ్ళు! యాభై ఏడేండ్ల బండి సార్ ఇది! ఇదే మోడలు, లక్ష మైళ్ళు తిరిగింది, పోయిన నెలలో అరవై లక్షలకు పోయింది. దీనికి కోటి ఇరవై తగ్గదు."

అంజనప్పకు ఉండబట్టలా. "అంటే ఏమప్పా, బండి పోయిన దూరానికి గాదు, పోని దూరానికా మీరు దుడ్లిచ్చేది?"

"కరెక్టుగా పట్టినారు పెద్దాయనా!" అని వాడు పండ్లికిలించినాడు. "తిరిగే కొద్దీ విలువ పోతుంది. కదలకుండా ఉంటేనే విలువ."

"మా హిందూపురం సంతలో ఎద్దును కొనేవాడు దాన్ని నాలుగడుగులు నడిపించి చూస్తాడప్పా. ఇది పుట్టినప్పటినుంచి కాడి మొయ్యలేదంటే, కోతకు తోలుకపో అంటాడు."

మురళికి ఆ మాట వినబడనే లేదు. ఆయప్ప కండ్లు మూసుకుని, ముందు సీటుకు ముక్కు ఆనించి వాసన చూస్తాండాడు. బొజ్జ ఉండే మనిషి, చదువుకున్న మనిషి, పెండ్లాంబిడ్డలు ఉండే మనిషి! థూ అనుకున్నాడు అంజనప్ప.

అప్పుడు కిషోర్ వచ్చి అంజనప్ప భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకపోయినాడు. కిషోర్ రామప్ప మనవడు. హిందూపురంలో ప్లాట్లేసి అమ్ముతాడు. కారు ఇప్పుడు వీడిదే. రోజూ "ఏయ్ అంజనప్పా" అని కేకేసే నోరు పొద్దున్నించి "తాతా, తాతా" అని తేనె కారుస్తాండాది.

"తాతా, మీటరు అంకె నిజమేనా అని వాళ్ళకొక అనుమానం. పాత బండ్లకు కేబులు పీకేసి తోలేది మామూలే కదా, కేబులు లేకుంటే మీటరు తిరగదు. మన దగ్గర కాగితాల్లేవు. ఉండే సాక్ష్యమంతా నువ్వొక్కడివే. వీడియో ముందర చెప్పాల. వేలం పుస్తకంలో నీ ఫోటో గూడా వేస్తారు."

"ఏమని చెప్పాల?"

"ఉండేదే చెప్పు. యజమాని మాట లేకుండా ఒక్క మైలు గూడా తోలలేదని. ఆ కత చెప్పు తాతా, మా అవ్వ ఎప్పుడూ చెప్తాండె గదా. నీ పెండ్లానికి నొప్పులొచ్చినప్పుడు గూడా బండి ముట్టుకోలేదని. అదొక్కటి చెప్తే ఇంక ఎవుడూ మారు మాట్లాడడు."

అంజనప్ప వాడి మొగం చూసినాడు. వెటకారం గాదు, దురుద్దేశం గాదు. నిజంగానే అదొక గొప్ప కత అనుకుంటాండాడు వాడు.

ఆ కత నలభై ఎనిమిదేండ్ల కిందటిది. ఎండాకాలం, మిట్టమధ్యాన్నం. అంజనప్ప పెండ్లాం సిద్ధమ్మకు తొలికాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందని, ఇంక తన చేతిలో లేదని, హిందూపురం పెద్దాసుపత్రికి తీసుకపొమ్మని మంత్రసాని చెప్పేసింది. ఆ పొద్దు రామప్ప రైలెక్కి ధర్మవరం పోయినాడు. కారు ఈ షెడ్డులోనే ఉండాది. దాంట్లో పెట్రోలుండాది. బీగంచెవి అంజనప్ప మొలతాడుకే ఉండాది. ఆయన పోయి, రామప్ప పెండ్లాం లక్ష్మీదేవమ్మ ముందర చేతులు కట్టుకుని నిలబడినాడు.

"ఆయప్పను అడక్కుండా నేనెట్ల చెప్పేది అంజనప్పా? నీ ఇష్టం" అనిందామె.

నీ ఇష్టం అనింది! వద్దని గూడా అనలా! ఆ సన్నాసి అంజనప్పకు ఇష్టమనేది ఒకటుంటే గదా! సీటుకు నెత్తురంటితే సావుకారి ఏమంటాడో, పనిలోంచి తీసేస్తాడేమో, రేపు నలుగుర్లో మాటొస్తుందేమో అని కారు జోలికి పోకుండా, పోయి ఎద్దులబండి కట్టించినాడు. సోమందేపల్లి చేరకముందే సిద్ధమ్మ పోయింది, కడుపులో బిడ్డతో సహా. కారులో హిందూపురానికి ముప్పావు గంట దారి.

మర్నాడు రామప్ప వచ్చి, జరిగింది విని, నలుగురి ముందరా అంజనప్ప భుజం తట్టినాడు. "నమ్మకమంటే ఇట్లుండాల" అన్నాడు. కొత్త పంచె పెట్టినాడు. దాన్ని తీసుకున్నాడు అంజనప్ప! కట్టుకున్నాడు గూడా! తలరాత లేబ్బా, ఎవురేం జేస్తారు అన్నారు ఊర్లోవాళ్ళు. లక్ష్మీదేవమ్మ బతికున్నన్నాళ్ళూ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఈ కత చెప్పి, మా అంజనప్ప లాంటోడు దొరకడని మెచ్చుకునేది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, బండి తీసుండాల్సింది అనలా.

దాని తర్వాత గూడా ఆయన ఈ మిల్లు విడిచి యాడికీ పోలా. మిల్లు మూతబడేదాకా వీళ్ళ లారీనే తోలినాడు. మళ్ళీ పెండ్లి చేసుకోలా. నమ్మకస్తుడనే పేరు మీదనే మిల్లు కాంపౌండులో ఒక గది, రెండు పూటలా కూడు. ఈ కార్ల పిచ్చోళ్ళను ఆయన ఎంత ఏవగించుకున్నా, తనను తాను ఏవగించుకున్నదాంట్లో అది అణా వంతు గూడా గాదు. ఇప్పుడా పిరికితనాన్ని పుస్తకంలో అచ్చేసి, దాన్ని చూపించి ఇంకొక అరవై లక్షలు లాగుతారంట.

కారు పక్కన కుర్చీ వేసి అంజనప్పను కూర్చోబెట్టినారు. కిషోర్ వంగి ఆయన చొక్కా బొత్తాలు పెట్టినాడు. క్రాంతి కుమార్ మూడుకాళ్ళ స్టాండుకు ఫోను బిగించి, ఎర్ర చుక్క వెలిగినాక అడగడం మొదలుపెట్టినాడు. పేరేమి, ఎన్నేండ్లు తోలినారు, కారు ఎప్పుడొచ్చింది. అన్నిటికీ అంజనప్ప సరిగ్గానే చెప్పినాడు. మురళి కారుకు ఆనుకోకుండా, జానెడు దూరంలో నిలబడి వింటాండాడు.

"పెద్దాయనా, ఇప్పుడు ముఖ్యమైన మాట. ఈ మీటరు కేబులు ఎప్పుడైనా పీకినారా? యజమానికి తెలీకుండా ఎప్పుడైనా బండి తీసినారా?"

ఫోను వెనక నిలబడిన కిషోర్, చెప్పు చెప్పు అన్నట్ల తలూపినాడు. నోరు తెరిచేదాకా తానేం చెప్పబోతాండాడో అంజనప్పకే తెలీదు.

"పీకినా" అన్నాడు.

కిషోర్ తల ఊపడం ఆగిపోయింది.

"నా పెండ్లానికి నొప్పులొచ్చినప్పుడు పీకినా. సావుకారి ఊర్లో లేడు. ఎవుర్నీ అడగలా నేను. బీగంచెవి నా దగ్గరే ఉండె. మీటరు వెనక చెయ్యి పెట్టి, మర తిప్పి కేబులు ఊడబెరికి, సిద్ధమ్మను ఎత్తుకొచ్చి ఈ వెనక సీట్లోనే పండబెట్టినా. ఇంత మెత్తగుండాదే అనె ఆ పాపిష్టిది, అంత నొప్పిలో గూడా. సోమందేపల్లి కాడ దప్పికంటే బండి నిలబెట్టి సోడా తాపినా. తొంభైలో తోలినానప్పా, రోడ్డు మీద లారీలన్నీ పక్కకు తప్పుకునె. ముప్పావు గంటకు ఆసుపత్రి. ఆడబిడ్డ పుట్టె."

బతుకులో అదే ఆయన మొదటి అబద్ధం. ఇంత సులువైన పనికా అన్నేండ్లు భయపడినానని తనమీద తనకే కోపమొచ్చింది. ఆ కోపంతోనే ఇంకా చెప్పినాడు.

"ఆ పొద్దుతో భయం పోయింది. కేబులు పీకేది, తల్లినీ బిడ్డనూ ఎక్కించుకునేది. లేపాక్షి పోతిమి, కదిరి తేరుకు పోతిమి. బిడ్డకు ఊపొస్తే గానీ నిద్ర పట్టదని ఊరికే ముదిగుబ్బ దాకా పోయొస్తిమి. ఎన్ని వేల మైళ్ళో ఎవురికి తెలుసు? నీ మీటరుకైతే తెలీదు."

క్రాంతి కుమార్ ఫోను ఆపేసినాడు. "సార్, డ్రైవరే ఇట్ల చెప్పినాక మీటరు నిజమని మేము రాయలేము" అన్నాడు కిషోర్‌తో. మురళి చేతులు దులుపుకున్నాడు. అరగంట ముందర సీటు వాసన చూసి కండ్లు మూసుకున్న మనిషి, ఇప్పుడు కారును అప్పు ఎగ్గొట్టినోణ్ణి చూసినట్ల చూసినాడు. "అయితే ఇది అరవై లక్షల బండే. నాకు అక్కర్లేదు" అన్నాడు.

కిషోర్ మొగం ఎర్రగా కందిపోయింది. తాతా గీతా అంతా యాడికో పోయింది.

"అబద్ధం సార్! అబద్ధం చెప్తాండాడు ముసలి నాకొడుకు! కూతురంట, యాడుండాది ఆ కూతురు, చూపించమనండి! ఈయప్పకు బిడ్డలే లేరు! పెండ్లాం ఎద్దులబండిలో సోమందేపల్లి కాడ చచ్చిపోయింది, పెనుకొండలో ఎవుర్నన్నా అడగండి! కారు ఈడే ఉండె, బీగంచెవి ఈయప్ప మొలతాడుకే ఉండె, అయినా ముట్టుకోలేదు! ముట్టుకోలేదు సార్! బండి తీసింటే ఆమె చచ్చేదే గాదు గదా!"

మురళి ఒకసారి వెనక సీటు పక్క చూసి, చూపు తిప్పుకున్నాడు. తన నోట్లోంచి ఏమొచ్చిందో కిషోర్‌కు అప్పుడు తెలిసొచ్చినట్లుంది.

అంజనప్ప కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లిగా లేచినాడు.

"అదప్పా మాట" అన్నాడు కిషోర్‌తో. "నలభై ఎనిమిదేండ్లకు మీ ఇంట్లో ఒకరి నోట వచ్చింది."

తర్వాత క్రాంతి కుమార్ పక్క తిరిగినాడు. "ఇప్పుడు తియ్యప్పా నీ వీడియో, నిజం చెప్తా. మీటరు ఒరిజినలే. ఈన్నించి హిందూపురానికి ఇరవై నాలుగు మైళ్ళు. అవి దాంట్లో లేవు. ఆ ఇరవై నాలుగు మైళ్ళకు ఎంతిస్తాడో కొనేదానికొచ్చిన ఈయప్పను అడుగు."