నాలుగు గంటల రీడింగు

పదకొండు గంటల రీడింగు రాసి, అంకెల కింద స్కేలుతో గీత కొట్టి, సువర్ణరాజు కళ్ళజోడు తుడుచుకున్నాడు. నూజివీడు సబ్‌స్టేషన్‌లో అతని ఉద్యోగమల్లా అదే. గంటగంటకీ మీటర్లు చూడడం, వోల్టేజి ఎంతుందో పుస్తకంలో ఎక్కించడం. ముప్ఫై ఏళ్ళుగా రాస్తున్నాడు. చుట్టూ మామిడి తోటలు, నెత్తిన తీగల రొద, పలకరించడానికి గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడు. పుస్తకాలతో ఇనుప బీరువా నిండిపోయింది గానీ, వాటిని తెరిచి చూసిన పాపాన ఎవరూ పోలేదు. ఈ రోజు మధ్యాహ్నం రెండు గంటలతో అతని ఉద్యోగం ఆఖరు.

తీరా వెళ్ళిపోయే రోజున ఆ పుస్తకాలకి గిరాకీ వచ్చింది. విజయవాడ నుంచి సింధు అనే ఇంజనీరు పొద్దున్నే జీపు దిగి, బీరువా ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. బందరు అవతల సముద్రంలో గాలిమరలు పెట్టే ఆలోచన ఉందట. అక్కడి కరెంటు కేబుల్లో ఒడ్డుకొచ్చి, ఈ సబ్‌స్టేషన్ మీదుగానే పోవాలట. సువర్ణరాజుకి నవ్వొచ్చింది. నూజివీడులో గాలికి మంచిపేరు లేదు. మే నెలలో ఒక్క ఈదురుగాలి కొడితే ఏడాది మామిడి కాపంతా నేలపాలు. ఆ గాలినే పిలిచి పీట వేస్తామంటున్నారు.

సింధు ఓపిగ్గా చెప్పింది. గ్రిడ్‌లో వోల్టేజి ఉన్నట్టుండి పడిపోయినా గాలిమరలు బెదిరి లైను వదిలెయ్యకూడదు, నిలబడాలి, అది రూలు. అన్నీ ఒక్కసారే వదిలేస్తే ఆ లోటు తట్టుకోలేక జిల్లాలకి జిల్లాలే చీకటైపోతాయి. ఎంత పడితే ఎంతసేపు నిలబడాలో ముందే తేల్చి, మరల్ని అలా తయారుచేయించాలి. అందుకు పాత గాలివానల్లో ఇక్కడేం జరిగిందో తెలియాలి. కొత్త మీటర్లు వచ్చి నాలుగేళ్ళే అయింది. అంతకుముందు సంగతి చెప్పడానికి సువర్ణరాజు చేతిరాత తప్ప ఇంకేమీ లేదు.

ఆ మాటకి అతను పొంగిపోయాడు. వాచ్‌మన్‌ని పంపించి ఆమెకి టీ తెప్పించాడు.

పన్నెండు గంటల రీడింగు రాసి వచ్చేసరికి ఆమె ఒక పేజీ మీద పెన్సిలు ఆనించి ఉంది. పదకొండేళ్ళ కిందటి మే నెల. ఆ మధ్యాహ్నం గాలివానకి చుట్టుపక్కల స్టేషన్లన్నీ వోల్టేజి పడిపోయి తూలిపోయాయట. ఇక్కడ మాత్రం మూడింటికి 221, నాలుగింటికి 221, ఐదింటికి 220. కింద సువర్ణరాజు సంతకం.

"ఇంత గట్టి స్టేషన్ అనుకోలేదండీ. ఇక్కడ రూలు కాస్త సడలించొచ్చేమో," అంది సింధు.

ఆ మూడు అంకెలూ అతను రెండున్నరకే రాసేశాడు. బయటికి వెళ్ళాల్సొస్తే రాబోయే గంటల రీడింగులు ముందే వేసేసుకోవడం ఈ ఉద్యోగంలో చాలామంది చేసే దొంగపని. అతను చేసింది ఆ ఒక్కరోజే. భార్య జోజమ్మ ఆసుపత్రిలో ఉంది, డ్యూటీ మార్చుకునే మనిషి దొరకలేదు. ఇప్పుడు నోరు మెదపకపోతే ఆ దొంగ అంకెల్ని నమ్ముకుని సముద్రంలో మరలు లేస్తాయి. చెబితే, ముప్ఫై ఏళ్ళ మంచిపేరు చివరి రెండు గంటల్లో గంగలో కలుస్తుంది.

అన్నం డబ్బా తెరిచి, తినలేక మూసేశాడు. ఒంటిగంట రీడింగు రాసి, వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు.

"ఆ పేజీ అబద్ధమమ్మా. ఆ పూట నేనిక్కడ లేను."

తర్వాత మిగతాదీ చెప్పాడు. సరిగ్గా నాలుగింటికి వార్డులో లైటు మసకబారింది. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదించింది. జోజమ్మ పరలోక జపం చెప్పుకుంటోంది. ఆ జపం రెండుసార్లు అయ్యేదాకా ఫ్యాను కోలుకోలేదు. ఆమె ఆ ఫ్యాను వైపే చూసింది. "నీ దగ్గర కరెంటు పడిపోతోందయ్యా, వెళ్ళు," అంది. అతను వెళ్ళాడు. మోపెడ్ మీద తడుస్తూ ఐదు దాటాక చేరేసరికి ఇక్కడ అంతా సర్దుకుంది. ఆరు గంటల రీడింగు నిజంగానే చూసి రాశాడు. అది రాస్తున్న వేళకే అక్కడ ఆమె పోయింది. ఆ మూడు అంకెల్ని దిద్దడానికి తర్వాత ఎప్పుడూ చెయ్యి రాలేదు. ఆమె పక్కన కూర్చున్న ఆ కాస్త సేపటికీ అవే గుర్తు.

పైవాళ్ళకి చెప్పక తప్పదంది సింధు. చెప్పమన్నాడు.

"మరి ఆ మూడు గంటలకీ ఏమని రాయనండీ?"

"మనిషి లేడని రాయండమ్మా. ఫ్యాను సంగతి కూడా రాయండి."

రూలు ప్రకారం ఎర్ర పెన్నుతో ఒక్కో అంకె మీదా ఒక్కో గీత కొట్టి, పక్కన సంతకం చేసి, ఈ రోజు తేదీ వేశాడు. పుస్తకాలన్నీ జీపెక్కి వెళ్ళిపోయాయి. బీరువా తలుపులు తెరిచే ఉన్నాయి.

రెండింటికి ఐదు నిమిషాలుండగా తర్వాతి డ్యూటీకి శ్యామ్ సుందర్ వచ్చాడు. సాయంత్రం ఆఫీసులో దండ వేస్తారు, తప్పకుండా రావాలన్నాడు. సువర్ణరాజు చూద్దామన్నాడు. మోపెడ్ స్టార్ట్ చేసి, గేటు దాటి, తోటల మధ్య రోడ్డు మీదికి మళ్ళాడు. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళు లేరు, తొందరా లేదు. ఆకు కదలడం లేదు.

లోపల బల్ల మీద ఈనాటి పుస్తకం తెరిచి ఉంది. ఒంటిగంట అంకెల కింద గీత ఉంది. రెండు గంటల గడి ఖాళీగా ఉంది, దాని పక్కన మూత తీసిపెట్టిన పెన్ను.