అయిదో అధ్యాయం

దోసెలకు పిండి రుబ్బుతున్నాను. ఆయన వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడి, "చంద్రా, ఆ పెంచలయ్యకు ఒక జాబు రాసెయ్. నీ కథ వేసుకోవద్దని చెప్పు" అన్నారు. పొత్రం తిప్పుతూనే ఎందుకని అడిగాను. "చెప్తాలే. ముందు జాబు పోస్టులో పడనీ. వాళ్ల పుస్తకం అచ్చుకు పోకముందే అందాల" అని కళ్లజోడు తుడుచుకుంటూ ముందుగదిలోకి వెళ్లిపోయారు. చట్నీలో కారం తగ్గించమని చెప్పినంత మామూలుగా చెప్పారు. 1979లో, ఎండలు ముదురుతున్న రోజులవి.

మా ఆయన మునికృష్ణ తిరుపతిలో ఆర్థికశాస్త్రం లెక్చరరు. అప్పటికి అయిదేళ్లుగా ఇంగ్లీషులో ఒక పుస్తకం రాస్తున్నారు. వేరుశనగ, అదే మా చెనక్కాయ, వచ్చాక చిత్తూరు జిల్లా మెట్టపల్లెలు బాగుపడ్డాయని తెల్లదొరలు రాసిపెట్టిపోయారు. మనవాళ్లు కూడా ఆ మాటనే తిరగరాస్తున్నారు. అది నిజం కాదని ఆయన వాదన. రాగి, కొర్ర, సజ్జ పండే చేలన్నీ ఎగుమతి పంట కిందికి పోయాయని, పల్లె ఇళ్లలో గింజ నిలవ లేకుండా పోయిందని ఆయన నిరూపించదలుచుకున్నారు. సెలవుల్లో మద్రాసు వెళ్లి పాత రికార్డులు పెన్సిలుతో రాసుకొచ్చేవారు. పిల్లలు బడికి, అత్త మధ్యాహ్నం నిద్రకు పోయాక నేను వాటిని సిరాతో ఎత్తిరాసేదాన్ని. నేనూ బి.ఏ. చదివాను. ఎం.ఏ.లో చేరతానంటే మా అత్త దేవకమ్మ, "వాడు సదివింది సాలదా, ఇంటికి ఇద్దురు సదివినోళ్లు ఎందుకుమే, బియ్యం నానేసేదెవురు?" అన్నది. ఆమె కోపంగా ఏమీ అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. నేను లేచి వెళ్లి బియ్యం నానేశాను.

ఆదివారాలు ఇద్దరం బస్సెక్కి పల్లెలకు పోయేవాళ్లం. పీలేరు వైపు, పాకాల వైపు. మగవాళ్లు తిన్నెల మీద కూర్చుని ఆయనకు వానల గురించి, వ్యాపారుల గురించి గలగలా చెప్పేవాళ్లు. ఆడవాళ్లను అడిగితే మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పోయేవాళ్లు. అందుకే నన్ను తీసుకుపోయేది. నేను వాళ్లతో పాటు లోపలికి పోయి, వాళ్లు చేస్తున్న పనిలో చెయ్యి పెట్టేదాన్ని. చింతపండు గింజ తీయడమో, పేడ కలపడమో. చేతులు ఆడుతుంటే మాటలు వాటంతట అవే వచ్చేవి. "నువ్వు నా కంటే బాగా మాట్లాడిస్తావు" అని ఆయన బస్సులో తిరిగొచ్చేటప్పుడు అనేవారు. ఆ మాట కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్నని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

అట్లా పాకాల దగ్గర ఒక పల్లెలో నాగులమ్మ దొరికింది. డెబ్బై దాటిన మనిషి. మా ఆయన ప్రశ్నల కాగితం తీయగానే, "ఆ యప్పను అట్లా బయట కూసోమను, చెప్తా" అన్నది. ఆయన నవ్వుకుంటూ బయటికి పోయారు. నాగులమ్మ తన చేతులు చాపి చూపించింది. వేళ్లకు గోళ్లు సగం సగమే ఉన్నాయి.

"చెనక్కాయల మండీలో వొలిసి వొలిసి అరిగిపాయ మే ఇవి. మళ్లా మొలవనే లేదు. పొద్దన్నే పొయ్యి కూసుంటే పొద్దు గూకిందాకా వొలిసేదే. ఆకలేస్తాది. కండ్ల ముందర కుప్పలు కుప్పలు ఇత్తనాలుంటాయి. ఒకటి నోట్లో ఏసుకోగూడదు. ఇంటికి పొయ్యేటప్పుడు నోట్లో నీళ్లు పోసుకోని పుక్కిలించి మేస్త్రీ ముందర ఉమ్మాల. తెల్లంగా వస్తే ఆ దినం కూలి ల్యా."

"అందరూ ఉమ్మాలా, అవ్వా?"

"అందురూను. వరసగా నిలబడేది. మా యక్క ఉన్నింది గదా, చంటిబిడ్డ తల్లి. పాలు రాలేదు ఆమెకు. ఒక దినం రొండు ఇత్తనాలు నమిలి, తాను మింగలా మే, బిడ్డ నోట్లో పెట్టింది. ఆమె వంతొచ్చి పుక్కిలిస్తే తెల్లంగా వచ్చె. మేస్త్రీ ఆ బిడ్డ నోరు గూడా తెరిపించి సూసినాడు."

అంతే చెప్పి నాగులమ్మ చేతులు ఒళ్లోకి తీసుకుంది. ఆ బిడ్డ ఏమైందని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. నోటుపుస్తకంలో ఆమె మాటలు ఆమె యాసలోనే రాసుకున్నాను. బస్సులో ఆయనకు చదివి వినిపించాను. కిటికీలోంచి చూస్తూ విని, "దీనికి రికార్డు దొరకదు. ఒక ముసలామె మాట సాక్ష్యం కాదు చంద్రా. కథకు పనికొస్తుంది" అన్నారు.

కథకు పనికొస్తుందని ఆయనే అన్నారు. నేను కథ రాశాను. ఎనిమిది నెలలు పట్టింది. పదిహేను పేజీల కథకు ఎనిమిది నెలలా అని మగవాళ్లు అడగవచ్చు. కుక్కరు కూత పెట్టే లోపల ఒక వాక్యం, మా చిన్నదానికి జడ వేస్తూ ఒక వాక్యం, అత్త కాళ్లకు నూనె రాస్తూ ఒక వాక్యం మనసులో కట్టుకుని, అవి చెదిరిపోకముందే పాలచీటీ వెనకాల రాసుకునేదాన్ని. కథకు 'పుక్కిలి' అని పేరు పెట్టాను. అప్పుడే శ్రీకాళహస్తిలో పెంచలయ్య అనే తెలుగు మాస్టారు మా జిల్లా వాళ్ల కథలన్నీ ఒక సంపుటంగా వేస్తున్నట్టు పేపర్లో చూసి పంపించాను. మూడు వారాలకు ఆ మాస్టారి దగ్గర నుంచి జాబు వచ్చింది. 'అమ్మా, మా అమ్మ నోటి మాట ఇన్నేళ్లకు కాగితం మీద చూస్తున్నాను. సంపుటానికి ఇదే మొదటి కథ' అని రాశాడు. ఆ జాబును బియ్యం డబ్బాలో దాచుకున్నాను. ఇంట్లో ఇంకెవరూ చెయ్యి పెట్టని చోటు అదొక్కటే.

ఆయన జాబు రాసెయ్యమన్న రోజు, అన్నం తినేటప్పుడు కారణం చెప్పారు. ఇన్నాళ్లు లేదనుకున్న రికార్డు మద్రాసులో దొరికిందట. ఒక దొర రాసిన తనిఖీ రిపోర్టులో, మండీల్లో కూలి ఆడవాళ్ల నోళ్లు పరీక్షించడం గురించి రెండే రెండు వాక్యాలున్నాయట. "దాంతో మీ నాగులమ్మ చెప్పింది సాక్ష్యం అయిపాయ. అయిదో అధ్యాయం మొత్తం దాని మీదనే కట్టినాను. ఈ లోపల నీ కథ బయటికి వస్తే, భార్య కథలోనించి మొగుడు చరిత్ర రాసినాడంటారు. అయిదేళ్ల పని నగుబాటు అవుతుంది. నువ్వే చెప్పు." నువ్వే చెప్పు అంటూ పెరుగు కోసం కంచం జరిపారు. నేను పెరుగు వడ్డించాను.

ఆలోచించలేదని కాదు. రెండు రోజులు ఆలోచించాను. ఆయన పుస్తకం గెలిస్తే నాగులమ్మ మాట పెద్దపెద్ద లైబ్రరీలకు పోతుంది కదా, నా కథ చదివేదెవరు, జిల్లాలో నాలుగు వందల మంది అని నాకు నేనే చెప్పుకున్నాను. మూడో రోజు జాబు రాశాను. పెంచలయ్య జవాబు రాయలేదు. తర్వాతి ఆదివారం కాళహస్తి బస్సు దిగి, అడ్రసు వెతుక్కుంటూ మనిషే వచ్చాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. నేను కాఫీ తెచ్చేసరికి మా ఆయనకు ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"సార్, మొదటి కథగా కంపోజింగు గూడా అయిపోయింది. ఇప్పుడు తీసేయమంటే ఎట్లా సార్? అమ్మకు ఏమన్నా మార్చాలనుంటే మార్చమనండి."

"ఆమెకే ఇష్టం లేదబ్బా. ఇంకా బాగా రాయాలంటాది" అన్నారు మా ఆయన.

పెంచలయ్య గ్లాసు అందుకోకుండా నా వైపు తిరిగాడు. "అమ్మా, మీరు చెప్పండమ్మా. ఆ కథలో తీసేయాల్సిన మాట నాకు ఒక్కటీ కనపడలేదు."

ఆ క్షణంలో నేను నిజం చెప్పి ఉండవచ్చు. ఎవరూ నా నోరు మూయలేదు. వెనకాల తలుపు దగ్గర అత్త నిలబడి ఉంది, ముందు ఆయన నవ్వుముఖంతో నా వైపు చూస్తున్నారు. "అవునండీ, ఇంకా సరిగ్గా రాయాల" అన్నాను. పెంచలయ్య కాఫీ తాగి, దండం పెట్టి వెళ్లిపోయాడు. కాఫీలో చక్కెర ఎక్కువైందని అత్త అన్నది.

ఆయన పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది. ప్రూఫులు రెండుసార్లు నేనే దిద్దాను. అయిదో అధ్యాయంలో నాగులమ్మ మాటలు ఇంగ్లీషులో ఉన్నాయి. కింద చిన్న అక్షరాల్లో 'రచయిత సేకరించిన మౌఖిక సాక్ష్యం' అని ఉంది. ముందుమాటలో ప్రొఫెసర్లకు, లైబ్రేరియన్లకు, టైపు చేసిన గుమాస్తాకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పారు. చివర 'లెక్కలేనన్ని కప్పుల కాఫీ ఇచ్చి, నా మౌనాన్ని ఓర్చుకున్న నా భార్యకు' అని ఒక వాక్యం. దాన్ని కూడా నేనే దిద్దాను. నా పేరు లేదేమని అడిగితే, "భార్య అంటే నువ్వు గాక ఇంకెవరు?" అని నవ్వారు. మద్రాసు ఇంగ్లీషు పేపర్లో ఒక పెద్దాయన ఆ అధ్యాయాన్ని ఆకాశానికెత్తాడు. పల్లె ఆడవాళ్ల గొంతు వినగలిగిన అరుదైన చెవి ఈ చరిత్రకారుడిదని రాశాడు. మా ఆయన ఆ కాగితాన్ని పటం కట్టించారు. శుక్రవారాలు దేవుడి పటాలతో పాటు దాన్ని కూడా తుడిచేదాన్ని.

ఇక అడ్డం లేదు కదా అని 'పుక్కిలి'ని మళ్లీ ఎత్తిరాసి ఒక మాసపత్రికకు పంపించాను. రెండు నెలలకు తిరిగి వచ్చింది. ఎడిటరు మర్యాదగానే రాశాడు. 'కథ చక్కగా ఉంది. కానీ ఇందులోని ప్రధాన ఘట్టం డాక్టర్ మునికృష్ణ గారి గ్రంథం అయిదో అధ్యాయం నుంచి తీసుకున్నట్టు స్పష్టంగా తెలుస్తోంది. వారి అనుమతి పత్రం జతచేసి, మూలాన్ని పేర్కొంటే పరిశీలిస్తాం.'

ఆయన ఆ జాబు చదివి, "అంతే గదా. అనుమతి ఇప్పుడే రాసిస్తా, దాందేముంది" అని పెన్ను తీశారు. నిజంగానే ఇచ్చేవారు. ఆయన చెడ్డవాడైతే నాకు ఏడవడానికి ఒక దారి ఉండేది. వద్దన్నాను. "నీకు పౌరుషం ఎక్కువ చంద్రా" అన్నారు. కథను పాత పేపర్ల కట్టలో పెట్టాను. ఆ కట్ట ఎప్పుడు అమ్మేశారో నాకు తెలియదు. నాగులమ్మకు చెప్పుకుందామని పాకాల బస్సెక్కితే, ఆమె పోయి ఏడాదయిందని కోడలు చెప్పింది.

1984లో ఆయన రెండో పుస్తకం మొదలుపెట్టారు. ఈసారి కంపెనీ కాలంలో కాళహస్తి అద్దకం బట్టల వ్యాపారం ఎట్లా దెబ్బతిన్నదని. "బట్టను పాలలో నానేసేది, కరక్కాయ దంచేది అంతా ఆడవాళ్లేనంట. వాళ్ల గురించి ఎవురూ రాయలేదు. నువ్వు రావాల" అన్నారు. వెళ్లాను. ఆయన మగవాళ్లతో బయట కూర్చున్నారు. నేను తిరుమలమ్మ అనే ఆమెతో పెరట్లో కూర్చుని కరక్కాయ దంచాను. ఆమె ముత్తవ్వ నుంచి విన్నవన్నీ చెప్పింది. మధ్యలో ఒకచోట ఏడ్చింది, ఒకచోట పడీపడీ నవ్వింది. నోటుపుస్తకం నా సంచిలో ఉంది. బయటికి తీయలేదు.

"రాసుకోవా మే?" అని ఆమే అడిగింది.

"చెప్పు పెద్దమ్మా, ఇంటాను" అన్నాను.

బస్సులో ఆయన ఎప్పటిలాగే నా వైపు వంగి, "ఏం చెప్పినారు?" అన్నారు.

"ఏమీ చెప్పలేదండీ. వాళ్లకు ఏమీ తెలీదంట."

"ఎవురూనా?"

"ఎవురూ."

ఆ తర్వాత ఆరు ఆదివారాలు, ఆరు ఇళ్ల గురించి అదే జవాబు ఇచ్చాను. ఆయన నన్ను అనుమానించలేదు. అటువంటి పని నేను చేయగలనని ఆయనకు తోచి ఉండదు. నాకు మొదట్లో ఏదో గెలిచినట్టు ఉండేది. వంట చేస్తూ తిరుమలమ్మ మాటలు లోపల చెప్పుకునేదాన్ని. అవి నావి, ఎవరికీ ఇవ్వలేదు అనుకునేదాన్ని. కానీ రాయని మాట ఎంతకాలం ఉంటుంది? అత్త మంచం పట్టింది, పెద్దదానికి కాన్పు వచ్చింది. ఒకరోజు పప్పు కడుగుతూ చూసుకుంటే, తిరుమలమ్మ ఎక్కడ ఏడ్చిందో గుర్తుంది, ఎందుకు ఏడ్చిందో గుర్తు లేదు. కాళహస్తి పోయి మళ్లీ అడుగుదామంటే ఆమె కూడా లేదు.

రెండో పుస్తకం ప్రూఫులు వచ్చాయి. ఎప్పటిలాగే మధ్యాహ్నం ముందేసుకుని కూర్చున్నాను. నూట పద్నాలుగో పేజీలో ఆయన ఇట్లా రాశారు: 'ఈ వృత్తిలోని స్త్రీలను ఎంత అడిగినా చెప్పుకోదగ్గ జ్ఞాపకాలేవీ లభించలేదు. వారికి తమ గురించి చెప్పవలసింది ఏమీ లేదని భావించాలి.' ఆ వాక్యంలో కంపోజిటరు ఒక అక్షరం వదిలేశాడు. నేను ఎర్రసిరాతో దాన్ని పూరించి, పక్క పేజీకి వెళ్లాను.