ఎర్ర లైటు ఆరేదాకా

టీవీ వెనక మూత తీసి, మెకానిక్ తన బల్బుకున్న రెండు వైర్లనూ పెద్ద కెపాసిటర్ కాళ్లకు తాకించాడు. బల్బు మిణుక్కుమని ఆరిపోయింది. కాసేపాగి మళ్లీ తాకించాడు. కరెంటు దాచుకునే ఆ డబ్బాను ఖాళీ చేశాక కూడా అందులో చెలమలో నీళ్లలా కొంచెం ఊరుతుంది. అందుకే ముప్పై ఎనిమిదేళ్లుగా రెండుసార్లు ఖాళీ చేయనిదే ఏ సెట్టులోనూ వేలు పెట్టలేదు. భార్య దాన్ని చాదస్తమనేది. ఆ చాదస్తమే ఇంతకాలం కూడు పెట్టింది.

సెట్టు దర్జీ అమ్మాయిది. పొద్దున్నే తెచ్చి బల్ల మీద పెట్టించి, గడప అవతలే నిలబడి మాట్లాడింది.

"ప్లగ్గు పీకినా ఎర్ర లైటు ఆరట్లేదు బాబాయ్."

"లోపల కాస్త కరెంటు మిగులుతుందమ్మా. పన్నెండు లెక్కపెట్టు, అదే పోతుంది."

"లెక్కపెట్టా. తెల్లారిపోయింది. నాన్న పోయినప్పటి నుంచీ ఇంతే. అమ్మ దాని ముందు నుంచి లేవట్లేదు. నాన్న ఇంకా ఉన్నాడంటోంది. రెండ్రోజులుగా నీళ్లు కూడా ముట్టలేదు. ఎలాగైనా ఆర్పిపెట్టు, నీకు పుణ్యముంటుంది."

"సాయంత్రం రా. నీ కళ్ల ముందే ఆర్పి చూపిస్తా," అని ఆయన నవ్వాడు. సగం సెట్లు వాటంతటవే వెలిగి ఆరే ఈ పనిలో దయ్యాలను నమ్మితే పూట గడవదు.

పవర్ సప్లై బోర్డు మీద నాలుగు చిన్న కెపాసిటర్లు తలలు ఉబ్బి ఉన్నాయి. జబ్బు దొరికినట్టే. బోర్డు మాత్రం వెచ్చగా ఉంది. జ్వరం చూసినట్టు అరచేయి ఆనించాడు. పొద్దుటి నుంచీ దానికి కరెంటు లేదు. ఎండ తగిలిందేమో అనుకున్నాడు గానీ, ఆ బల్ల మీద ఎండ పడదు.

ఎడమ చేయి లాగుతోంది. సెట్టు ఎత్తినందుకేలే అని సర్దిచెప్పుకున్నాడు. నాలుగూ ఊడదీసి, ఏ కాలు ఎటో చెప్పే మైనస్ గీత రెండుసార్లు చూసుకుని కొత్తవి టంకం పెట్టాడు. ప్లగ్గు పెట్టగానే తెర వెలిగింది.

"ఏమండీ, అన్నం చల్లారిపోతోంది!"

"ఇదొక్కటీ ఆరిపోనీ, వచ్చేస్తా."

ప్లగ్గు పీకి, పైకే లెక్కపెట్టాడు. "ఒకటి... రెండు..."

వంటింట్లో భార్య కంచం పెడుతూ వింటోంది. ఆ లెక్క ఆమెకూ కంఠతా వచ్చు. పన్నెండు తర్వాత ఆయన చేతులు కడుక్కునే చప్పుడు రావాలి. ఏడు దగ్గర గొంతు ఆగిపోయింది. ఎవరో వచ్చారనుకుంది. కాసేపు చూసి మంచినీళ్ల గ్లాసుతో ముందుగదిలోకి వచ్చింది.

ఆయన గోడకు జారగిలబడి ఉన్నాడు. కళ్లు టీవీ వైపే ఉన్నాయి. పిలిచింది, భుజం కుదిపింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఏడుపు రాలేదు. ఆయన ఏ పనీ సగంలో వదిలేసే మనిషి కాదన్న ఒక్క మాటే మనసులో తిరిగింది. పక్కన కూర్చుని, "ఎనిమిది," అంది.

సాయంత్రం దర్జీ అమ్మాయి గడప దగ్గరికి వచ్చేసరికి ఆమె ఇంకా లెక్కపెడుతూనే ఉంది. మంచినీళ్ల గ్లాసు నిండుగా అలాగే ఉంది. ప్లగ్గు ఆయన గుప్పిట్లో ఉంది. బల్ల మీద ఎర్ర లైటు చిన్నగా, నిలకడగా వెలుగుతోంది.