మంగలి అంటే ఏమిటమ్మా

మర్నాడు తరగతిలో ఒక్కొక్కరూ లేచి తమ ఇంటి వృత్తి పేరేమిటో, ఆ పేరెలా వచ్చిందో చెప్పాలట. నా కూతురు పిచ్చుక ఆ మాట చెప్పగానే నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"సెలూన్ అని చెప్పి కూర్చో. అంతకు మించి నోరు విప్పకు."

"అది కొట్టు పేరు కదమ్మా? నాన్న చేసే పని పేరేంటి?"

ఆ పేరు నాకు బాగా తెలుసు. మా నాన్నదీ కత్తెర పనే. బడిలో నన్ను ఆ పేరుతోనే పిలిచేవారు, అదీ ముక్కు మూసుకుని. ఆరో తరగతి మధ్యలో పుస్తకాల సంచిని మంచం కిందికి తోసేశాను. మళ్ళీ తీయలేదు. పిచ్చుక సంచీ అక్కడికే చేరుతుందేమోనని నా గుబులు.

అత్తయ్య మనవరాలిని దగ్గరికి లాక్కుంది.

"మంగలి అని చెప్పవే. మంగళమంటే శుభం. అందులోంచే వచ్చిందని మా మామగారనేవారు. మగవాళ్ళు గడ్డాలు గీసేవారు, గాయాలకు కట్లు కట్టేవారు. మేం కాన్పులు చేసేవాళ్ళం. ఈ చేతులతో ఎంతమందిని భూమ్మీద పడేశానో!"

"పడేశావా నానమ్మా?"

"పడకుండా పట్టుకున్నాన్లేవే!"

నాకు నవ్వు రాలేదు. "అర్థం మీకు తెలుసత్తయ్యా. అరిచేవాళ్ళకు తెలియాలిగా."

మా ఆయన కత్తి నూరి, ఎప్పటిలాగే ఎడమ ముంజేతి మీద గీసి చూసుకుంటున్నాడు. ముందు తన చర్మం మీద పెట్టుకోనిదే ఇంకొకరి గొంతు దగ్గరికి తీసుకెళ్ళడు.

"చెప్పనీవే," అన్నాడు.

"మీకేం! ఎంతటివాడైనా మీ ముందు తల వంచాల్సిందే. పిల్ల ముందు వంచరుగా."

మర్నాడు బడి వదలకముందే గేటు దగ్గర నిలబడ్డాను.

"ఏం చెప్పావే?"

"నానమ్మ చెప్పిందంతా. నాన్న కత్తి ముందు తన చేతిమీదే పెట్టుకుంటాడని కూడా చెప్పా."

"నవ్వారా?"

"కొందరు."

అంతలో వెనకనుంచి వినబడనే వినబడింది. "ఒసేయ్ మంగలీ!"

ముక్కు మూసుకున్న ఒక పిల్లాడు. అదే చెయ్యి, అదే ముక్కు అనిపించింది నాకు. పిచ్చుకను లాక్కుని గబగబా నడవబోయాను. అది చెయ్యి విడిపించుకుని వెనక్కి తిరిగింది.

"ఏంట్రా?"

సొంత పేరుతో పిలిస్తే పలికినట్టే పలికింది. వాడు తెల్లబోయాడు. ముక్కు మీంచి చెయ్యి జారింది.

"ఏం లేదు."

"మరెందుకు పిలిచావ్? జుట్టు కళ్ళలో పడుతోంది చూసుకో. మా నాన్న దగ్గరికి రా."

రేపు మళ్ళీ అరుస్తాడేమో. ఇంకో నలుగురు కలుస్తారేమో. దారంతా నాకదే ఆలోచన. ఇంటికి రాగానే అది సంచి ఎటు విసురుతుందా అని గుమ్మంలోనే ఆగి చూశాను.

మంచం వైపు వెళ్ళలేదు. సంచిని కొక్కేనికి తగిలించి, "ఆకలేస్తోందమ్మా," అంది.