గురుంగ్ సమాధి ముందు గ్రూప్ ఫొటో

జర్మనీలోని కొలోన్ తెలుగు సంఘం అధ్యక్షులు వెంకటరామారావుగారికి దేశభక్తి ఏడాదికోసారి, ఎండ కాసిన శనివారం వస్తుంది. ఈసారి ఊరి చివర యుద్ధ సమాధుల తోటలో ఒక రాయి మీద ‘గురుంగ్’ అన్న పేరు కనబడేసరికి అది పూనకమైపోయింది. ‘మన వీరుడు’ అని గ్రూపులో పెట్టి, ఆ రాయి దగ్గరే సంతాప సభ అని ప్రకటించేశారు.

ఆయన నేపాలీ అండీ, అంది సంఘం కార్యదర్శి హారిక. ఇంగ్లీషువాడు ఏలని దేశం, రాజులు మాటిచ్చారని ఎవరిదో యుద్ధానికి పిల్లల్ని పంపి పోగొట్టుకున్న దేశం అని ఓపిగ్గా చెప్పింది. రావుగారు కరుణించారు. “అంత చిన్న దేశమేగా! మనలో కలిపేసుకుంటే ఏం పోద్దమ్మా?”

హారికకి ఒళ్ళు మండింది. ఆ గురుంగ్ ఆమె ఆఫీసులో పనిచేసే పూర్ణిమకి ముత్తాత. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో పట్టుబడి, ఇక్కడి ఖైదీల శిబిరంలో పోయాడు. ఇల్లు విడిచేనాటికి కూతురు తల్లి కడుపులో ఉంది. ఆ కూతురే పూర్ణిమ నాయనమ్మ. ఆవిడ వీడియోలో చూస్తుండగా పూర్ణిమ దీపం పెట్టి ఆయన పేరు పైకి చెప్పాలి. రెండు నిమిషాలు ఇప్పిస్తానని హారిక మాటిచ్చింది.

మాటిచ్చింది సరే, ఎవరి సభలో? తోటవాళ్ళు ఇచ్చిన టెర్మిన్, అంటే అనుమతించిన సమయం, మధ్యాహ్నం దాకానే. స్వాగతోపన్యాసం అయింది. బిర్యానీ స్పాన్సరుకి శాలువా కప్పారు, కప్పినాయనకి ఇంకో శాలువా కప్పారు. సమాధిలో ఉన్నాయనకి తప్ప అందరికీ సన్మానం జరిగింది. పూర్ణిమ వెలిగించని ప్రమిదతో ఓ పక్కన నిలబడే ఉంది. ఫోన్లో ముసలావిడ ఓపిగ్గా చూస్తూనే ఉంది. చివరికి రావుగారు రాయికి అడ్డంగా అందరినీ నిలబెట్టి, ఆ నేపాలీ అమ్మాయిని ఫొటో తియ్యమనమన్నారు.

హారిక ఆయన ఫోను తనే లాక్కుంది. ఎడమకి జరగమంది. జరిగారు. ఇంకా జరగమంది. దేవుడి మాట వినని మనవాళ్ళు కూడా ఫొటో తీసేవాళ్ళ మాట వింటారు. రాయి ముందు చోటు ఖాళీ అయ్యాక పూర్ణిమకి సైగ చేసింది.

పూర్ణిమ మోకాళ్ళ మీద కూర్చుని దీపం వెలిగించింది, పేరు చెప్పింది. ఫోన్లోంచి ముసలావిడ “బా” అని పిలిచింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నాన్నని పిలవడం అదే మొదలు.

“పడిందా అమ్మా?” అని పక్కనుంచి రావుగారు.

“ఇంకా లేదండీ. కదలకండి, మాట్లాడకండి,” అంది హారిక, కళ్ళు తుడుచుకుంటూ.

సంఘం మొత్తం శాలువాలతో సహా, ఏ సంతాప సభలోనూ నిలబడనంత సేపు, నోరు మూసుకుని నిటారుగా నిలబడింది.