తుమ్మి మడిలో తొలిక

నేను ఒక తొలికను. గుప్పిట్లో ఇమిడే కర్రపిడి, ముందుకు వంగిన ఇనుపనాలుక. కమ్మరి నన్ను సాగగొట్టి, "ఇంక నీ చేలో కలుపన్నది మిగల్దు పో" అంటూ ఓబుళమ్మ చేతికిచ్చాడు.

ఏళ్ల తరబడి ఆమె చెనక్కాయ చేలో సాళ్ల మధ్య తిరిగాను. తెల్లపూల తుమ్మి కనబడితే చాలు, వేళ్లతో సహా లేపేసేదాన్ని. తుమ్మి కలుపు, కలుపు చెడ్డది. నాకున్న చదువు అంతే.

వరసగా వానలు ముఖం చాటేశాక, కొండ కింద కొత్తగా పెట్టిన దేశీ మొక్కల తోటలో ఓబుళమ్మ పనికి కుదిరింది. నన్నూ వెంట తీసుకెళ్లింది. మొదటిరోజే చూస్తే ఒక మడి నిండా తుమ్మి! "ఇంతమంది పనోళ్లు ఉండి ఇదేం సేద్యం!" అని గొణుక్కుంటూ ఆమె మడిలో కూర్చుంది. నేనూ హుషారుగా పని అందుకున్నాను. సగం మడి శుభ్రం చేశామో లేదో, తోట చూసుకునే సుహాసిని మేడమ్ పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, ఆగు! ఏం చేసినావు? కలుపుమందులు కొట్టి కొట్టి ఊళ్లల్లో లేకుండా చేసినారని, కొండంతా తిరిగి గింజ తెచ్చి పెంచుకుంటా ఉంటే!"

ఓబుళమ్మ తెల్లబోయింది. "దీన్ని... పెంచుతారా మేడమ్?"

మేడమ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పని పోయినట్టేననుకుని ఓబుళమ్మ నన్ను కొంగులో చుట్టుకోబోయింది. అంతలో మేడమే కింద కూర్చుని, పీకేసిన మొక్కల్ని ఏరసాగింది.

"వేర్లు ఆరకముందే మళ్లీ నాటుదాం, పట్టు."

గుంటలు నాతోనే తీయించారు. పీకిన నాలుకతోనే నాటడం! కొన్ని బతికాయి, కొన్ని వాడిపోయాయి.

అప్పటినుంచి మాకు దిక్కు తోచడం లేదు. పరాయి దేశపు కలుపని వయ్యారిభామను తీసెయ్యమంటారు. కాళ్లలో గుచ్చుకునే పల్లేరుకు మాత్రం చుట్టూ కంచె కడతారు. ముందు ఒకదాన్ని లేకుండా చేసి, తర్వాత దానికోసమే తోట పెట్టుకునే ఈ మనుషుల తిరకాసు ఇనుముకేం అర్థమవుతుంది? "ఇది తీయాల్నా, ఉంచాల్నా?" అని మొక్కమొక్కకీ ఓబుళమ్మ అడుగుతూనే ఉంటుంది.

నిన్న వాన వెలిశాక, ఎవరూ విత్తని మొలక ఒకటి గట్టు మీద లేచింది. రెండే ఆకులు. ఓబుళమ్మ నన్ను ఎత్తి, అలాగే ఆపేసింది. మేడమ్ వచ్చి, బురదలోనే మోకాళ్ల మీద కూర్చుని, ఆ ఆకుల్ని తిప్పి తిప్పి చూసింది.

"ఏమో అక్కా, నాకూ తెలీడం లేదు."

"మరెట్లా మేడమ్?"

"పూత పట్టేదాకా ఉండనీ."

ఓబుళమ్మ నన్ను పక్కన పెట్టి, ఎవరూ తొక్కకుండా దాని చుట్టూ రాళ్లు పేర్చింది. నేను తడిమట్టిలో పడుకుని ఆ మొలకనే చూస్తున్నాను. అది నాకు శత్రువో చుట్టమో, పూసిన రోజుకి గాని తెలియదు.